రంగధాముడి గొంతు

కుంకుమరాళ్ళ కొండల నడుమ, శోణానది వంకలు తిరిగే చోట వెలసిన శోణపురి ఆ ఉదయం పట్టాభిషేకపు అలంకారాలతో ధగధగలాడుతోంది. కోట బురుజుల మీద పులిబొమ్మ జెండాలు రెపరెపలాడుతున్నాయి. పన్నీరు చల్లిన రాజవీథి నుంచి చల్లని పరిమళం లేస్తోంది. ఏనుగుల నుదుళ్ళ మీద బంగారు రేకులు, మేడల అంచుల వెంట మొగలిపూల దండలు, గవాక్షాలకు వేలాడే పట్టుతెరలు, ఎటు చూసినా కన్ను చెదిరే శోభ. మర్నాటి సూర్యోదయానికి సేనాపతి రణభైరవుడు శోణదేశపు సింహాసనం ఎక్కబోతున్నాడు.

ఆ సందడిలో ఉప్పు మూటల గాడిదను తోలుకుంటూ ఒక యువకుడు తూర్పు ద్వారం దాటి నగరంలోకి వచ్చాడు. తలపాగా కనుబొమల దాకా దించుకున్నాడు. ఒళ్ళంతా ఉప్పు చారికలు. ద్వారపాలకులు మూటల్లో బల్లేలు గుచ్చి చూసి, పొమ్మన్నారు. నిజానికి అతను ఉప్పు అమ్ముకునేవాడు కాడు. శోణపురి చాటింపువాళ్ళలో ఒకడు. పేరు కేతనుడు.

చాటింపువాళ్ళంటే ఆ దేశంలో ఎంతో గౌరవం ఉండేది. నగరం నడిబొడ్డున చాటుబండ అనే నల్లరాతి అరుగు ఉంది. రోజూ పొద్దున్నే వాళ్ళు దాని మీద నిలబడి దేశంలో జరిగిన సంగతులన్నీ జనానికి ఎలుగెత్తి చెప్పేవారు. ఏ ఊళ్ళో చెరువు తెగిందో, ఏ అధికారి ఒకే పన్ను రెండుసార్లు గుంజాడో, సరిహద్దులో ఎవరి బిడ్డలు చనిపోయారో, చూసింది చూసినట్టు చెప్పడమే వాళ్ళ పని. బండ మీద నిలబడి ఉన్న మనిషిని రాజు కూడా ముట్టుకోకూడదని పూర్వపు రాజులు శాసనం చేశారు.

చిన్నవయసు రాజు జయపాలుడు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆయనను పులి తినేసిందని రణభైరవుడు ప్రకటించాడు. పులి తింటే ఎముకలేవి, వేలి ఉంగరమేది అని చాటింపువాళ్ళ పెద్ద ఓబమ్మ బండ మీద నిలబడి అడిగింది. అడిగి ఊరుకోలేదు. నిజం కనుక్కుని రమ్మని కేతనుణ్ణి తూర్పు కొండలకు పంపింది. అక్కడ లవణగిరి ఉప్పుగనుల్లో, గుండు గీసి, కాళ్ళకు సంకెళ్ళు తగిలించిన ఖైదీల మధ్య ఉప్పుగంప మోస్తున్న జయపాలుణ్ణి కేతనుడు కళ్ళారా చూశాడు. కాపలావాళ్ళు అటు తిరిగిన క్షణంలో రాజు అతని పక్కకు వచ్చి, తాను బతికే ఉన్నానని నగరంలో చాటమని చెప్పి, గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ వార్త మోసుకుని కేతనుడు చాటుబండ దగ్గరకు చేరాడు. బండ మీద మనుషులెవరూ లేరు. తాటిచెట్టంత ఎత్తున చెక్కబొమ్మ ఒకటి నిలబెట్టి ఉంది. బంగారు కిరీటం, పెద్ద కళ్ళు, మెలితిప్పిన మీసం. జనం నిచ్చెనలెక్కి ఆ బొమ్మకు పాలాభిషేకం చేస్తున్నారు. ఆ పాలు బండ మీదుగా కారి, శాసనం చెక్కిన అక్షరాల్లో నిలిచి, ఈగలు ముసురుతున్నాయి.

కేతనుడు అక్కడ దండలు అమ్ముతున్న ఒకావిణ్ణి చాటింపువాళ్ళు ఏమయ్యారని అడిగాడు.

“మౌనవ్రతం పట్టారు నాయనా. రణభైరవులవారి మీద భక్తితో” అందామె.

“ఎవరు చెప్పారమ్మా?”

“రంగధాముడే చెప్పాడు, ఆటలో. ఆయనకు అబద్ధమాడాల్సిన ఖర్మేంటి?”

రంగధాముడు శోణదేశపు మహానటుడు. బండ మీది బొమ్మ అతనిదే. దేవుడి వేషం కట్టి రంగం మీదికి వస్తే ముసలివాళ్ళు కూడా లేచి దండం పెట్టేవారు. అతను మీసం తిప్పిన తీరునే మగవాళ్ళు మీసాలు తిప్పేవారు. పసిపిల్లలకు అతని పేరే పెట్టుకునేవారు. అతను పాడితే నదిలో పడవలవాళ్ళు తెడ్లు ఆపి వినేవారని ప్రతీతి. అలాంటివాడు ఇప్పుడు ప్రతి ఆట చివరా కిరీటం తీసి చేత పట్టుకుని, ఈ దేశాన్ని కాపాడగలవాడు రణభైరవుడు ఒక్కడే అని చెబుతున్నాడట.

కేతనుడు గాడిదను సత్రం దగ్గర కట్టేసి, సందుల వెంట ఓబమ్మ ఇంటికి పరుగెత్తాడు. ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది, నోరు తెరిచింది. మాట రాలేదు. కోటగోడకు అవతల ఉన్నవాళ్ళకు కూడా వినిపించే గొంతు ఆమెది. ఇప్పుడు పెదవులు కదులుతున్నాయి, అంతే. ఆమె అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, బొగ్గుముక్కతో గోడ మీద రాస్తూ, చేతులతో చూపిస్తూ జరిగింది చెప్పింది.

రణభైరవుడు చాటింపువాళ్ళందరినీ సన్మానానికని కోటకు పిలిచాడు. శాలువలు కప్పాడు. బంగారు గిన్నెల్లో పానకం పోయించాడు. తాగాక, రాజ్యం చల్లగా ఉండాలని ఒక్క మాట దీవించి వెళ్ళమన్నాడు. దీవించడానికి నోరు తెరవగానే ఒక్కొక్కరి నోట్లోంచి నీలి పొగ బయటికి వచ్చింది. మాంత్రికుడు నీలజటుడు ఆ పొగను మట్టి పిడతల్లో పట్టి, మూతికి లక్క పోసి బిగించాడు. ఆ పిడతలను పల్లకీలో నాటకశాలకు తీసుకుపోవడం ఓబమ్మ కళ్ళతో చూసింది. ఎందుకో మాత్రం ఆమెకు తెలియదు.

కేతనుడు రాజు సంగతి చెప్పాడు. ఓబమ్మ కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత ఇద్దరూ కలిసి ఉపాయం ఆలోచించారు. నాటకశాల వెనక భాగం నది మీదికి చొచ్చుకుని ఉంటుంది. ఆ మధ్యాహ్నం ఆట వేళకు ఆమె దాని కింద పడవతో కాచుకుని ఉంటుంది. కేతనుడు లోపలికి చొరబడి పిడతల జాడ తీస్తాడు.

చొరబడడం అనుకున్నంత కష్టం కాలేదు. పట్టాభిషేకం కోసం ‘భైరవవిజయం’ అనే కొత్త నాటకం కట్టారు. రంగధాముడు రణభైరవుడి వేషం కట్టి అసత్యాసురుడనే రాక్షసుణ్ణి చంపడం అందులో కథ. నాటకం మొదలైనప్పటి నుంచి జనం రాక్షసవేషగాడి మీద రాళ్ళు రువ్వుతున్నారు. ముందు రోజు ఆటలో తల పగిలి అతను ఊరు విడిచి పారిపోయాడు. ఆ వేషానికి మనిషి దొరక్క మేళం పెద్ద వాకిట్లో తచ్చాడుతున్నాడు. కేతనుడు వెళ్ళి తాను కడతానన్నాడు. మేళం పెద్ద అతని భుజాలు తడిమి చూసి, పేరైనా అడక్కుండా లోపలికి తోశాడు.

నాటకశాల లోపల ఇంద్రసభలా ఉంది. చందనపు స్తంభాల మీద చిలకలు వాలిన తీగలు చెక్కి ఉన్నాయి. పైకప్పు నిండా అద్దాలు తాపిన నక్షత్రాలు. రంగానికి ఎదురుగా సింహాసనం లాంటి ఆసనం, దాని మీద పులితోలు. కానీ వేషాల గది వేరు. అక్కడ చెమట, నూనె, ముఖాలకు పూసే అర్దళం కలిసిన ముతక వాసన. కేతనుడికి కోరలున్న కొయ్య ముసుగు తగిలించి, చేతికి పెద్ద గద ఇచ్చి, ఒక మూల కూర్చోబెట్టారు.

మరో మూల అద్దం ముందు రంగధాముడు కూర్చుని ఉన్నాడు. దగ్గర నుంచి చూస్తే బొమ్మలో ఉన్నంత ఎత్తరి కాడు. దాసిని నీళ్ళు అడిగాడు. ఆ గొంతు విని కేతనుడు ఉలిక్కిపడ్డాడు. ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టు, గాలి తప్ప శబ్దం లేని గొంతు.

అంతలో తలుపు తెరుచుకుంది. మోకాళ్ళ దాకా వేలాడే నీలిజడలు, మెడలో గుడ్లగూబ ముక్కుల దండ, గోళ్ళకు పసరు రంగు, చూపులో చలి. వచ్చినవాడు నీలజటుడు. గది వెనక గోడకు ఉన్న చెక్కమెట్ల మీద కప్పిన గుడ్డ తొలగించాడు. వరసగా మట్టి పిడతలు. పై వరుసలో చాలావాటికి లక్క ఊడి, ఖాళీగా పడి ఉన్నాయి. మాంత్రికుడు నిండు పిడత ఒకటి తీసి, లక్క గీకి, రంగధాముడి ముక్కు దగ్గర పెట్టాడు. రంగధాముడు గట్టిగా గాలి పీల్చాడు. నీలి పొగ లోపలికి పోయింది. మాంత్రికుడు మళ్ళీ గుడ్డ కప్పి బయటికి నడిచాడు.

రంగధాముడు గొంతు సవరించుకుని నాందిపద్యం ఎత్తుకున్నాడు. గది గోడలు మోగాయి. ఆ మాటల్లో రకారం దొర్లిన తీరు కేతనుడికి పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ తెలుసు. అది ఓబమ్మ గొంతు.

ముసుగు ఉండడం అతనికి మేలైంది. మామూలుగా అడిగినట్టు అడిగాడు.

“ఆ గొంతు ఎవరిది అయ్యగారూ?”

రంగధాముడికి కోపం రాలేదు. అతను సహజంగా సౌమ్యుడు. అద్దంలో చూసుకుంటూ, కనుబొమలు దిద్దుకుంటూనే జవాబు చెప్పాడు.

“చాటుబండ ఓబమ్మది. చిన్నప్పుడు రోజూ వినేవాణ్ణి. పొద్దుగూకేసరికి కరిగిపోతుంది. రేపటికి ఇంకొకరిది.”

“కరిగిపోతే వాళ్ళకు మళ్ళీ రాదా?”

“రాదు.” రంగధాముడు కుంచె కింద పెట్టాడు. “నా గొంతు జబ్బు చేసి పోయింది అబ్బీ. మాట పెగలని నటుడి మొహం ఎవరు చూస్తారు? సేనాపతిగారు దయ తలిచారు. నేను అడగలేదు, ఆయనే ఇప్పించారు. అయినా ఆవిడ చెబితే బజారులో నలుగురు వినేవారు. అదే గొంతుతో నేను చెబితే దేశమంతా వింటుంది. ఆ గొంతుకు అంతకంటే ఏం కావాలి?”

అని తాంబూలపు పళ్ళెం కేతనుడి వైపు జరిపాడు. రాళ్ళు పడతాయి, తల కాపాడుకోమని, రొమ్ము మీద కత్తి ఆనించగానే వెంటనే పడిపొమ్మని సలహా కూడా ఇచ్చాడు. కేతనుడు ముసుగులోంచి తలుపు వైపు చూశాడు. అక్కడ భటులు కాపలా ఉన్నారు. పిడతల మీదికి ఇప్పుడే దూకితే ప్రాణం పోతుంది, పని కాదు. రంగం మీదికి వెళితే ఊరంతా ఎదురుగా ఉంటుంది. చాటుబండ లేకపోతేనేం, ఆ రంగమే చాలనుకున్నాడు.

మద్దెలలు మోగాయి. తెర లేచింది. పులితోలు ఆసనం మీద రణభైరవుడు కూర్చుని ఉన్నాడు, పక్కన నీలజటుడు. నేల ఈనినట్టు జనం. అసత్యాసురుడు కనపడగానే ఊళలు, చెప్పులు, రాళ్ళు. తర్వాత రంగధాముడు వెండి కవచంతో, చేత ఖడ్గంతో ప్రవేశించాడు. జనం లేచి నిలబడ్డారు. గదకూ ఖడ్గానికీ పోరు సాగింది. రంగధాముడు మూడు చుట్లు తిరిగి ఖడ్గాన్ని రాక్షసుడి రొమ్ముకు ఆనించాడు.

రాక్షసుడు పడలేదు. రంగం అంచుకు నడిచి వచ్చి, ముసుగు పీకి పారేసి, చాటుబండ మీద నిలబడినట్టు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

“వినండి. నేను చాటింపు కేతనుణ్ణి. చూసింది చూసినట్టు చెబుతున్నాను. జయపాల మహారాజు చనిపోలేదు. లవణగిరి ఉప్పుగనుల్లో సంకెళ్ళతో ఉన్నాడు. మన చాటింపువాళ్ళు మౌనవ్రతం పట్టలేదు. వాళ్ళ గొంతులు దొంగిలించారు. ఇప్పుడు రంగధాముడి నోట మీరు వింటున్నది ఓబమ్మ గొంతు.”

ముందు వరుసలో ఒక ముసలివాడు అంతకుముందు విన్న పద్యాలు తలచుకుని, ఓబమ్మ గొంతే సుమా అన్నాడు పక్కవాడితో. కొందరి ముఖాల్లో అనుమానం తొంగిచూసింది. అందరూ రంగధాముడి వైపు తిరిగారు, అతనేం చెబుతాడా అని.

రంగధాముడు కాసేపు ఆగాడు. ఎప్పుడు ఎంతసేపు ఆగాలో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తర్వాత చిరునవ్వు నవ్వి అన్నాడు.

“అసత్యాసురా, నీ మాటకు నీ పేరే సాక్ష్యం.”

జనం గొల్లున నవ్వారు. అనుమానపడిన ముసలివాడు కూడా నవ్వాడు. ఇదంతా నాటకంలో భాగమే అనుకున్నారు. మళ్ళీ రాళ్ళు లేచాయి. ఒక రాయి కేతనుడి చెంప చీల్చింది. రణభైరవుడు మాత్రం నవ్వలేదు. నీలజటుడి చెవిలో ఏదో అన్నాడు. రంగానికి రెండు పక్కలా భటులు కదిలారు.

కేతనుడు గద తిప్పుతూ ఒక భటుణ్ణి మద్దెల మీదికి పడగొట్టి, తెరలు చీల్చుకుని వేషాల గదిలోకి దూకాడు. అప్పటికే నీలజటుడు పక్క దారిన అక్కడికి వచ్చి నిలబడి ఉన్నాడు. మంత్రం పఠించి పిడికెడు బూడిద విసిరాడు. తెరలు లాగే మోకులు బుస్సుమంటూ నల్లతాచులై లేచాయి. ఒకటి కేతనుడి కాలికి చుట్టుకుంది, మరొకటి మెడ కోసం పడగ ఎత్తింది. కేతనుడు పాములను వదిలేసి, ఉన్న బలమంతా కూడదీసుకుని గదను చెక్కమెట్ల మీదికి విసిరాడు.

పిడతలు భళ్ళున పగిలాయి. బందీలైన గొంతులన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. ఒక్కొక్కటీ తనను పట్టిన రోజు చెప్పాల్సిన వార్తనే అరుస్తోంది. వరదలు, పన్నులు, చావులు, లంచాలు, అన్నీ కలిసి ఆ గదిలో ఉరిమాయి. నీలజటుడు మంత్రం చదువుతున్నాడు గానీ అతని మంత్రం అతనికే వినపడలేదు. మంత్రం తప్పింది. తాచులు మళ్ళీ మోకులై నేల మీద పడ్డాయి. మాంత్రికుడు చెవులు మూసుకుని ఒక మూల కూలబడ్డాడు. గొంతులు పిచికల గుంపులా కిటికీలోంచి నగరం మీదికి ఎగిరిపోయాయి.

ఒక్కటి మాత్రం పోలేదు. అన్నిటికంటే కింద, రాగిరేకు చుట్టి దాచిన పాత పిడతలోంచి అది వచ్చింది. అప్పుడే గదిలోకి వచ్చిన రంగధాముడి చుట్టూ తిరుగుతూ, వెన్నెల లాంటి తీపితో పాడడం మొదలుపెట్టింది. ఒకప్పుడు పడవలను ఆపిన గొంతు అది.

రంగధాముడు కదలలేదు. చూపు మాంత్రికుడి మీద నిలిచింది. తనకు జబ్బు చేయలేదని అతనికి ఆ క్షణంలో అర్థమైంది. అందరికంటే ముందు దొంగిలించింది తన గొంతునే. అతని కళ్ళ వెంట నీళ్ళు కారి అర్దళంలో చారలు కట్టాయి. నోరు తెరిచి ఆ గొంతును పీల్చుకున్నాడు. అది లోపలికి పోగానే ఓబమ్మ గొంతు బయటికి తన్నుకొచ్చి, కిటికీ దాటి నది మీదికి పోయింది.

తలుపు అవతల భటుల అడుగుల చప్పుడు. రంగధాముడు వెళ్ళి గడియ వేశాడు. కేతనుడి చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరకు నడిపించాడు.

“కింద నది. దూకు” అన్నాడు తన సొంత గొంతుతో.

“మీరు రారా?”

“జనం ఎదురు చూస్తున్నారు. నేను వెళ్ళి మాట్లాడాలి.”

కేతనుడు అతనికి చేతులెత్తి నమస్కరించి దూకాడు.

ఎర్రని నీళ్ళు అతన్ని లోపలికి లాగి, మళ్ళీ పైకి విసిరాయి. స్తంభాల నీడలోంచి పడవ వచ్చింది. ఓబమ్మ అతని జుట్టు పట్టుకుని పైకి లాగింది. “తెడ్డు పట్టుకో” అంది. అది ఆమె మొదటి మాట. చెప్పాక ఒక్క క్షణం చేత్తో గొంతు తడుముకుంది. తర్వాత తానూ తెడ్డు అందుకుంది.

పడవ ప్రవాహంలో పడింది. కేతనుడు ఆయాసపడుతూనే అంతా చెప్పాడు. రంగధాముడికి కళ్ళు తెరుచుకున్నాయని, ఇప్పుడు నిజం చెప్పబోతున్నాడని, అతను చెబితే జనం నమ్ముతారని, సాయంత్రానికల్లా రణభైరవుడి పని అయిపోతుందని సంబరంగా అన్నాడు. అంతలో నాటకశాలలోంచి గొంతు వినిపించింది. ఏ మంత్రమూ కలవని, స్వచ్ఛమైన గొంతు.

“నా ప్రజలారా, ఈ రోజు నా గొంతు నాకు తిరిగి వచ్చింది. రణభైరవ ప్రభువు పుణ్యమే ఇదంతా. రేపు ఆయన కిరీటం ధరించాక మొదటి పాట నేనే పాడతాను.”

జయధ్వానాలు నది మీద అలల్లా పరుచుకున్నాయి. కేతనుడి తెడ్డు ఆగిపోయింది.

“దూకేదాకా అతన్ని ఎవరూ బెదిరించలేదు పెద్దమ్మా. నేను చూశాను. ఎందుకలా అన్నాడు?”

“నాకు తెలీదు నాయనా. తెలియంది నేను చెప్పను” అంది ఓబమ్మ. “రాజు ఎక్కడున్నాడో తెలుసు. అది చెబుదాం. లవణగిరి దాకా నదికి రెండు ఒడ్డులా ఊళ్ళే. నువ్వు తెడ్డు ఆపకు.”

ఎదురుగా కోటగోడ కింద జలద్వారం కనిపిస్తోంది. నది నగరం విడిచి వెళ్ళే దారి అదొక్కటే. బురుజు మీద భటులు పెద్ద చక్రం తిప్పుతున్నారు. ద్వారానికి అడ్డంగా, నాచు పట్టిన ఇనుప గొలుసు నీళ్ళు కార్చుకుంటూ అంగుళం అంగుళం పైకి లేస్తోంది. వెనక నుంచి మూడు రాజనౌకలు బయలుదేరాయి. మొదటిదాని మీద నీలజటుడు నిలబడి నీళ్ళలోకి బూడిద చల్లుతున్నాడు. పడవ కింద ఏదో పెద్దది కదిలి, అడుగుచెక్కకు ఒరుసుకుంటూ పోయింది.

ఓబమ్మ తెడ్డు కింద పెట్టింది. పడవ ముందుభాగంలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. ఒడ్డున బట్టలు ఉతుకుతున్నవాళ్ళు, వలలు ఆరేస్తున్నవాళ్ళు, కుండలు తోముతున్న ఆడవాళ్ళు ఆ నిలుచున్న తీరు చూసి తలలెత్తారు.

“వినండి, శోణపురి జనమా. జయపాల మహారాజు బతికే ఉన్నాడు. చూసినవాడు ఈ పడవలోనే ఉన్నాడు.”

ఒకతను ఉతికే బట్ట బండ మీద వదిలేసి మోకాలి లోతు నీళ్ళలోకి దిగి వచ్చాడు. ఏమన్నావు, మళ్ళీ చెప్పమని అడిగాడు. బురుజు మీది నుంచి బాణాలు వచ్చి పడవ అంచున గుచ్చుకున్నాయి. కేతనుడు వంగి, శక్తంతా చేతుల్లోకి తెచ్చుకుని, గొలుసు పూర్తిగా లేచేలోపు దాటాలని దాని వైపు పడవను సూటిగా నడిపించాడు. ఓబమ్మ అడిగినవాడి వైపు తిరిగి, మొదటి నుంచి మళ్ళీ చాటడం మొదలుపెట్టింది.